పదకొండు మంది ముట్టుకున్న మాట

జూన్ 4, బుధవారం

ఏమోయ్ బావమరిదీ,

నువ్వు బాగానే ఉండి ఉంటావు. నీలాంటి వాళ్ళ జోలికి ఏ రోగమూ రాదు. అందుకని కుశలం అడగను.

ఆరేళ్ళుగా కడుపులో పెట్టుకున్న మాట ఒకటుంది. ఇవాళ కక్కేస్తున్నాను. మీ అక్కను సాగనంపి వచ్చిన రోజున మనవాళ్ళందరూ ముందుగదిలో గోడలకు ఆనుకుని కూర్చున్నారు. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూడటం లేదు. నువ్వు మాత్రం చేతి గడియారం చూసుకున్నావు. చూసి, సంచి భుజాన వేసుకుని, ఐదు గంటల బండికి పోయావు. ఎందుకు? ఆ రోజు శనివారం. శనివారం సాయంత్రం మీ ఊరి లైబ్రరీ మేడ మీద నీ కవుల గుంపు కూర్చుంటుంది. వాళ్ళకు నువ్వు వారానికో మాట ఇస్తావు. ఆ మాట మీద వాళ్ళు కవితలు రాసుకొస్తారు. ఆ వారం మాట ఇవ్వకపోతే సూర్యుడు పొడవడు మరి! తోడబుట్టిన అక్క పోయిన రోజున కూడా. ఈ సంగతి నేను ఎవరితోనూ అనలేదు, అమ్మాయితో కూడా అనలేదు. బావ బాగు కోరేవాడు బావమరిది అంటారు. మన దగ్గర అది తిరగబడింది. నీ పరువు నేనే కాపాడుకుంటూ వచ్చాను.

ఇక కాపాడను. నిన్న నీ కాగితాల కట్ట వచ్చింది. 'పుస్తకం వేస్తున్నాం బావగారూ, అందరికంటే ముందు మీరే చూడాలి' అని పైన చీటీ. నాకు రాయడం వచ్చు గానీ, చదవబోతే ఒక ముక్క పట్టుకునేలోపు పక్కవి పారిపోతాయి. అందుకని అమ్మాయిని చదవమన్నాను. పాపం అది కుట్టుమిషను ఆపి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. మొదటి కాగితం నెత్తిన పెద్ద అక్షరాలతో ఒక మాట. దాని కింద పదకొండు మంది కవితలు.

ఆ మాట మీ అక్కది. చివరి నెలలో ఆస్పత్రి మంచం మీద నాతో అన్నది. ఆవిడ పోయాక నీకు రాసిన మొదటి ఉత్తరంలో, తోడబుట్టినవాడివి కదా అని, నీ ఒక్కడికే రాశాను.

అమ్మాయి మూడు కవితలు చదివింది. నాలుగోది సగంలో ఆపి, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయంటూ లోపలికి పోయింది. పొయ్యి మీద పాలు లేవు.

ఛీ. నేను సబ్బుల ఫ్యాక్టరీలో కొవ్వు కాచి బతికినవాణ్ణి. కబేళా నుంచి పీపాల్లో వచ్చేది. ఎండాకాలం మూత తీస్తే పురుగులతో లుకలుకలాడేది. చేత్తో వంచి కొప్పెరలో పోసేవాణ్ణి, అదే చేత్తో రొట్టె తినేవాణ్ణి. ఏనాడూ కడుపులో తిప్పలేదు. నీ కట్ట విన్నాక తిప్పింది.

ఆ పదకొండు కవితలూ, వాటి నెత్తినున్న మాటా, పుస్తకంలోంచి పీకి పారెయ్. నీ కవిత్వం ఎండబెట్టినా కంపే, ఉడకబెట్టినా కంపే. ఫోను చెయ్యకు, ఫోనులో నాకు ఏమీ వినపడదని నీకు తెలుసు. రాయి.

నీ అక్క మొగుడు


జూన్ 9, సోమవారం

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం శనివారం పొద్దున అందింది. చదివి, గదిలో ఒక్కణ్ణే పగలబడి నవ్వాను. పెళ్ళిపీటల మీద మొదలుపెట్టారు మీరు నన్ను తిట్టడం. మధ్యలో ఏ నెలైనా తిట్లు తగ్గితే నాకు భయం వేసేది, బావగారికి ఒంట్లో బాగాలేదేమోనని. ఈసారి తిట్లు చూశాక దిగులు తీరింది. నూరేళ్ళూ బతుకుతారు.

ఆ సాయంత్రమే మీ ఉత్తరం మా వాళ్ళకు చదివి వినిపించాను. టీచరమ్మగారైతే కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నారు, నవ్వీ నవ్వీ. 'ఈయన్ని మనలో చేర్చుకోకపోతే మన గుంపుకే నష్టం' అన్నారు పళ్ళ డాక్టరుగారు. అందరూ పట్టుబట్టి ఈ వారం మాటగా ఏది తీసుకున్నారో తెలుసా? 'ఎండబెట్టినా కంపే.' శనివారానికి పదకొండు కవితలు వస్తాయి. మీకు పంపుతాను.

మీకు మా పద్ధతి సరిగా చెప్పినట్టు లేను. మొదట్లో నేను వారానికి ఒక పదం ఇచ్చేవాణ్ణి. వాన అంటే అందరూ తడిసి వచ్చేవాళ్ళు. చందమామ అంటే అందరూ పైకి చూసేవాళ్ళు. పదకొండు కవితలూ ఒక్కలాగే ఉండేవి, విసుగొచ్చేది. అప్పుడు నియమం పెట్టాను. ఇచ్చే మాట ఎవరో ఒకరు నిజంగా, ఇంకొకరితో, అవసరం పడి అన్నది అయి ఉండాలి. అలాంటివి వెతకడం మొదలుపెడితే మీ ఉత్తరాలకు మించిన గని దొరకలేదు. 'నా మోకాలు నా మాట వినడం మానేసింది' మీదే. 'అల్మారా తలుపు నా మీద పగబట్టింది' మీదే. ఏడాదిగా మా గుంపు మీ మీదే బతుకుతోంది బావగారూ!

కానీ అన్నిటికీ తలమానికం అక్క మాట. 'స్నానం చేయకుండా రా. ఎవరో అనుకుంటున్నాను.' ముప్పై ఐదేళ్ళు మీరు పనినుంచి రాగానే 'ముందు స్నానం, తర్వాతే గడప' అని తరిమిన మనిషి. చూపు పోయి, మందుల మత్తులో ఎవరినీ పోల్చుకోలేక, మీ కొవ్వు వాసనతోనే మీరని గుర్తుపట్టాలని ఆ మాట అడిగింది. పుస్తకానికి ఇంతకంటే ఏం కావాలి?

ఐదు గంటల బండి సంగతి. మీరే కదా అన్నారు, 'పోవోయ్, నీ కవులు ఎదురుచూస్తుంటారు, ఇక్కడ నువ్వు చేసేదేముంది' అని. పొమ్మన్నారు గనక పోయాను. అది ఇన్నేళ్ళు మనసులో పెట్టుకున్నారని నిజంగా తెలియదు.

పుస్తకంలో మీ పేరు వేయలేదని అలిగారా ఏమిటి? వేయిస్తాను, పెద్ద అక్షరాల్లో. అమ్మాయి చదివిందంటే సంతోషం. ఏమంది?

మీ తిట్లకు బాకీపడ్డ
బావమరిది


జూన్ 13, శుక్రవారం

ఒరే,

నిన్ను ఎదురుగా ఒరే అన్నాను గానీ కాగితం మీద రాయడం ఇదే మొదలు.

నవ్వావా? టీచరమ్మ కళ్ళు తుడుచుకుందా? ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగాడట ఇంకొకడు. ఆ రెండోవాణ్ణి నేను ఇన్నాళ్ళూ చూడలేదు. ఇప్పుడు చూశాను, మా ఆవిడ తమ్ముడే.

నేను తిడితే నీకు వేళాకోళం. సరే, నేనే అలవాటు చేశాను. మరి నాకు నిజంగా కోపం వచ్చిన రోజున నేనేం చెయ్యాలి? 'పూజ్యులైన బావమరిదిగారికి' అని రాయాలా? అప్పుడు నమ్ముతావా? నమ్ము. ఇది కోపం. పరిహాసం కాదు. ఇంకోసారి రాస్తున్నాను, ఇది కోపం.

పైగా ఆ మాట నీ ఉత్తరంలో మళ్ళీ పూర్తిగా రాసి, దాని పక్కన అర్థం కూడా చెప్పావు. నాకు! ఆ మాట ఎందుకు అందో నాకు నువ్వు చెప్పావు!

నీ పదకొండు మంది సంగతి కూడా విను. నీ పళ్ళ డాక్టరు 'నీ చెమట చుక్కే నా సెంటు బుడ్డి' అని రాశాడు. ఆయన ముందు నోరు తెరిచి కూర్చునే వాళ్ళను తలుచుకుంటే జాలేస్తోంది. నీ టీచరమ్మ మీ అక్కను 'మగాడి మురికి మోసే గాడిద' చేసింది. మీ అక్క గాడిదా? ఆవిడ ఉండి ఉంటే ఆ టీచరమ్మ చేత మా ఇంటి బట్టలన్నీ ఉతికించి, గాడిద ఎవరో తేల్చి పంపేది. ఇక నాలుగోది, నీ మందుల షాపువాడిది. వాడు స్నానాలగది తలుపు సందులో కన్ను పెట్టి రాసినట్టుంది. నా కూతురు గొంతుతో నేను దాన్ని విన్నాను. సగం విన్నాను. మీ అక్కకు అప్పటికి కూర్చునే ఓపిక లేదు, మంచినీళ్ళు చెంచాతో పోసేవాళ్ళం. అలాంటి మనిషిని తీసుకెళ్ళి వాడి కక్కుర్తికి పరిచావు. థూ.

నేను పో అన్నానంటావు. అని ఉంటాను. ఆ రోజు నా నోట్లోంచి ఏం వచ్చిందో నాకే తెలియదు. పో అంటే పోతారా ఎవరైనా? అప్పటికి ముప్పై ఐదేళ్ళుగా 'నీ మొహం చూపించకు' అంటూనే ఉన్నాను. చూపించడం మానావా?

అమ్మాయి ఏమంది అని అడిగావు. ఏమీ అనలేదు. 'తిను' అంటుంది, 'మందు వేసుకో' అంటుంది. అంతకు మించి లేదు. మిషను మాత్రం ఆపకుండా తొక్కుతోంది.

ఆ మాట తీసెయ్. నా పేరు వేస్తే నీ కాళ్ళు విరగ్గొడతాను. ఇదీ పరిహాసం కాదు.

బావ


జూన్ 18, బుధవారం

బావగారికి,

మీ కోపం ఇప్పుడు అర్థమైంది. నాదే తొందరపాటు. ఒప్పుకుంటున్నాను. ఆ కవితలు అక్క మాటకు తగినట్టు లేవు. మీరు చెప్పాక మళ్ళీ చదివితే నాకూ సిగ్గేసింది.

అందుకని వెంటనే సరిచేశాను. సెంటు బుడ్డి తీసేయమని పళ్ళ డాక్టరుగారికి చెప్పాను. ఆయన ఉదారంగా ఒప్పుకుని, ఆ చోట 'సబ్బు పరిమళం' అని మార్చారు. టీచరమ్మగారు గాడిదను తీసి 'భూమి' పెట్టారు. మందుల షాపు ఆయన కవిత మొత్తం తీసేశాను. ఆయన అలిగి ఈ శనివారం రానన్నారు, రాకపోయినా ఫరవాలేదు. ఇప్పుడు పది మిగిలాయి.

పదకొండోది మీరు రాయాలి. నవ్వకండి. ఇదీ పరిహాసం కాదు. కవితే కానక్కర్లేదు. మీరు మాట్లాడినట్టే నాలుగు ముక్కలు రాయండి. ఉత్తరంతో కార్డు పెట్టాను. పైన ఆ మాట రాసి ఉంది, కింద అంతా ఖాళీ. అక్క గురించి తప్పులు రాశారని కదా మీ బాధ? మరి ఒప్పు ఏమిటో రాయగలిగింది మీరొక్కరే.

ఇంకో సంగతి. పుస్తకానికి పేరు కూడా అదే పెట్టాం, 'స్నానం చేయకుండా రా'. అట్ట అచ్చయి వచ్చేసింది. నీలం రంగు, మధ్యలో ఒక నల్లా, దానికింద ఖాళీ బకెట్టు. ముచ్చటగా ఉంది. ఆవిష్కరణ అమ్మాయి చేత చేయిద్దామని అందరూ అనుకున్నాం. ఆ మాట పుట్టిన ఇంటి ఆడపిల్ల కదా. దానికి విడిగా ఆహ్వానం పంపుతున్నాను. నేను అడిగితే కాదనదు. చిన్నప్పుడు దాన్ని భుజాన ఎక్కించుకుని తిప్పినవాణ్ణి.

జవాబు కోసం చూస్తుంటాను.

మీ బావమరిది


జూన్ 24, మంగళవారం

బావమరిదికి,

నీ కార్డు బల్ల మీద ఉంది. దాని మీద మందు సీసా పెడుతున్నాను. బల్లకు మరక పడకుండా ఉంటుంది. దానికి ఆ పని చాలు.

నీ ఆహ్వానం అమ్మాయికి చేరింది. చదివి, తెచ్చి నా ముందు పెట్టింది.

'నాన్నా, అమ్మ నిజంగా ఆ మాట అందా?'

'అంది.'

'ఎప్పుడు? నేనెక్కడున్నాను?'

'టీకి కిందకు దిగావు.'

ఆహ్వానం మళ్ళీ చేతిలోకి తీసుకుంది. తర్వాత అంది, 'పళ్ళ డాక్టరుకు తెలుసు. మందుల కొట్టువాడికి తెలుసు. ఎవరో టీచరమ్మకు తెలుసు. నాకెందుకు చెప్పలేదు నాన్నా?'

నేను చెప్పలేకపోయాను. నీకు చెబుతున్నాను, ఎందుకంటే ఇది తెలియక నువ్వు ఇంకా ఏమేం చేస్తావోనని నాకు భయంగా ఉంది.

ఆస్పత్రిలో నా చేత స్నానం చేయించింది అమ్మాయే. షిఫ్టు దిగి వస్తే వరండాలోనే ఆపేది. చేతిలో తువ్వాలు, సబ్బు. 'ఈ కంపుతో లోపలికి రాకు నాన్నా, అమ్మకు వాంతి అవుతుంది, పక్క మంచాల వాళ్ళు గోల పెడుతున్నారు' అనేది. అది న్యాయమే. నేను తోమి తోమి కడుక్కుని లోపలికి పోయేవాణ్ణి. పోతే మీ అక్క దుప్పటి మెడదాకా లాక్కునేది. 'ఎవరండీ' అనేది. 'మా ఆయన ఇంకా రాలేదండీ' అనేది. నాతోనే!

ఒకరోజు ఆస్పత్రి స్నానాలగదిలో నీళ్ళు రాలేదు. అమ్మాయి కూడా వరండాలో లేదు. తిన్నగా లోపలికి పోయాను. ఆవిడ గాలి పీల్చింది. నా మణికట్టు పట్టుకుంది. అప్పుడు అంది ఆ మాట.

ఆ తర్వాత నేనేం చేశానో తెలుసా? అమ్మాయి చెప్పినట్టు రోజూ స్నానం చేసేవాణ్ణి. పని చొక్కా సంచిలో చుట్టి మంచం కింద పెట్టేవాణ్ణి. అమ్మాయి టీకి దిగగానే తొడుక్కునేవాణ్ణి, మెట్ల మీద దాని చెప్పుల చప్పుడు వినగానే విప్పేవాణ్ణి. నర్సు ఒకసారి చూసింది. ముక్కు మూసుకుని, తలుపు దగ్గరగా వేసి పోయింది. మంచి మనిషి.

ఆ పిల్ల తల్లికి చెయ్యాల్సిందంతా చేసింది. దుప్పట్లు మార్చింది, ఒళ్ళు తుడిచింది, ఎత్తింది, దించింది. తన చేతిలోని సబ్బే తల్లికి మొగుణ్ణి పరాయివాణ్ణి చేసిందని దానికి తెలియడం ఎందుకు? ఆరేళ్ళు మూసుకున్నాను. నీకు రాయడం కూడా మొయ్యలేక రాసిందే. నీ దగ్గర పెడితే గోడలో పెట్టినట్టే అనుకున్నాను. ఆ గోడకు పదకొండు కిటికీలు కొట్టావు.

అట్ట మీద నల్లా, బకెట్టు బొమ్మ వేశారా? దాన్ని అమ్మాయి చేత్తో పట్టుకుని పదిమందికి చూపించాలా? ఒరే, నీకు రోత అనేది పుట్టలేదా, పుట్టి చచ్చిపోయిందా?

ఆహ్వానం తెచ్చి చూపించిన రోజు నుంచి అది నాతో మాట్లాడటం లేదు. పళ్ళెం పెట్టి పోతోంది.

ఈ సంగతులు మళ్ళీ నీకే రాస్తున్నాను. బుద్ధి లేక కాదు, ఇంకెవరూ లేక. ఇందులో ఒక్క ముక్క శనివారం నీ మేడ మెట్లెక్కిందో, ఇక నీకూ నాకూ ఏమీ లేదు.

బావ


జూన్ 30, సోమవారం

బావగారికి,

మీ ఉత్తరం ఎవరికీ చదివి వినిపించలేదు. పోయిన శనివారం మాట ఇవ్వలేదు. ఒంట్లో బాగాలేదని చెప్పి అందరినీ ఇంటికి పంపేశాను. ఇన్నేళ్ళలో అలా పంపడం అదే మొదలు.

అమ్మాయి సంగతి నాకు తెలియదు. తెలిస్తే ఆహ్వానం పంపేవాణ్ణి కాదు. అక్క మీద ఒట్టు. దానికి విడిగా రాశాను, రావద్దని, మామయ్య తప్పు చేశాడని. అట్ట మార్చమన్నాను. నల్లా ఉండదు, బకెట్టు ఉండదు, ఆ పేరూ ఉండదు.

కానీ ఆ మాట తీయమంటే నా చెయ్యి రావడం లేదు. ఎందుకో చెబుతాను. మీకు ఎన్నడూ చెప్పలేదు.

నేను ఆదివారాలు పొద్దున ఆస్పత్రికి వచ్చేవాణ్ణి కదా, మీరు షిఫ్టులో ఉండగా. మొదటి ఆదివారం నా అడుగుల చప్పుడు విని 'డాక్టరుగారా?' అంది. కాదక్కా, నేను అన్నాను. పేరు చెప్పాను. చిన్నప్పుడు తను పెట్టిన ముద్దుపేరు చెప్పాను. ఆ పేరు ఈ లోకంలో ఆవిడకు తప్ప ఇంకెవరికీ తెలియదు. మర్యాదగా విని, 'మందు ఇప్పుడే వేసుకున్నానండీ' అంది. వచ్చిన ప్రతి ఆదివారమూ అదే. చివరికి నేనూ డాక్టరులాగే నాడి పట్టుకుని చూసి, 'బాగుందమ్మా' అని లేచి వచ్చేవాణ్ణి.

ఆవిడ మిమ్మల్ని పోల్చుకోవడానికి మీకు ఒక చొక్కా ఉంది బావగారూ. నాకు ఏమీ లేకపోయింది. అందుకే ఆ రోజు అందరి మధ్య కూర్చోలేకపోయాను. తమ్ముడు, తమ్ముడు అని అందరూ నా భుజం తడుతున్నారు. ఆవిడకు నేను తమ్ముణ్ణి కాకుండా పోయానని వాళ్ళకు తెలియదు. మీరు పో అనగానే అదే చాలనుకున్నాను.

మీ ఉత్తరంలో ఆ మాట చదివాక, అక్క ఇంకా ఒకరిని గుర్తుపట్టగలిగిందని తెలిసింది. దాని మీద నేనే రాద్దామని ఎన్నోసార్లు కూర్చున్నాను. ఒక్క వాక్యం రాలేదు. చేతకాక వాళ్ళకు ఇచ్చాను. పదకొండు మందిలో ఒక్కరైనా రాయగలిగితే నాకు కొంచెం తేలిక అవుతుందనుకున్నాను. ఒక్కరూ రాయలేదు. అది మీరు చెప్పకముందే నాకు తెలుసు.

ఆవిడ నాకూ అక్కే. నా దగ్గర ఆవిడది ఇంకేమీ మిగల్లేదు. సబ్బు తీసేస్తాను, ఆస్పత్రి తీసేస్తాను, ఎవరు ఎవరితో అన్నారో తెలియనివ్వను. మాట ఒక్కటీ ఉంచనివ్వండి. వచ్చే నెల పన్నెండు, శనివారం పొద్దున అచ్చు మొదలవుతుంది.

మీ తమ్ముడి వంటివాడు


జూలై 5, శనివారం

బావమరిదికి,

నీ ఉత్తరం ఈసారి కూడా అమ్మాయికి ఇవ్వలేదు. నేనే కూడబలుక్కుని చదివాను. రెండు పూటలు పట్టింది. 'మందు ఇప్పుడే వేసుకున్నానండీ' దగ్గర ఆగి, బయటికి పోయి వీధి చివరిదాకా నడిచి వచ్చాను. మోకాలు తిట్టింది.

అమ్మాయి మాట్లాడింది. నువ్వు దానికి రాసింది చదివాక నిన్న సాయంత్రం తువ్వాలు తెచ్చి నా పక్కన పడేసి, 'చేస్తే చెయ్, లేకపోతే మానెయ్, నాకేం' అంది. తన సబ్బు సంగతి తనే పోల్చుకుందని అప్పుడు తెలిసింది. అక్కడే కూర్చుని ఏడ్చింది. నేను ఊరుకోబెట్టలేదు. నాకది చేతకాదు. కాసేపటికి అదే లేచి, 'నీ పని చొక్కా ఏం చేశావు?' అంది. ఫ్యాక్టరీ గేటులో ఇచ్చేశానన్నాను. వాళ్ళ బట్టలు వాళ్ళకు ఇచ్చెయ్యాలి కదా. 'పిచ్చి నాన్నా' అంది. దాని సంగతి నేను చూసుకుంటాను. నువ్వు అందులో వేలు పెట్టకు.

ఇక నీ సంగతి. ఆవిడ నిన్ను డాక్టరు అనుకుందని నాకు తెలియదు. నాడి పట్టుకుని చూశావట. అది చదివి నీ మీద జాలి వేసింది. ఇది కూడా నిజమే, పరిహాసం కాదు. జాలి వేసినా నీ పుస్తకం మీద రోత పోలేదు. రెండూ పక్కపక్కనే ఉన్నాయి, దేని దారి దానిదే.

ఆవిడ నీకూ అక్కే అన్నావు. కాదన్నానా? కానీ ఆ మాట నీతో అనలేదు. నాతో అంది. నీతో అన్నది వేరే ఉంది. 'మందు ఇప్పుడే వేసుకున్నానండీ.' అది నీది. ఎవరో ఒకరు నిజంగా, ఇంకొకరితో, అవసరం పడి అన్న మాటే ఇవ్వాలని నియమం పెట్టావు కదా? మరి ఇన్నేళ్ళలో ఒక్క శనివారమైనా దాన్ని వాళ్ళ ముందు పెట్టావా? పెట్టలేదు. పళ్ళ డాక్టరు దాన్ని నోట్లో వేసుకుని నములుతుంటే నువ్వు చూడలేవు. టీచరమ్మ దాన్ని తీసి భూమి పెడితే నువ్వు బతకలేవు. మందుల షాపువాడు దాన్ని ఏం చేస్తాడో నీకూ తెలుసు, నాకూ తెలుసు. నీది నొప్పి పెడుతుందని దాచుకున్నావు. నాది పంచిపెట్టావు. నాకు కడుపులో తిప్పింది అందుకు.

నీ మాటను వాళ్ళకు ఇవ్వమనడం లేదు. ఇవ్వకు. ఒక్కడివే కూర్చుని రాసుకో. రాకపోతే మానెయ్. రాయకపోతే చచ్చిపోరు ఎవరూ. నేను ఏమీ రాయకుండా ఇంతకాలం బతికాను.

వారం వారం నీ గుంపుకు మేత కావాలంటే నా మోకాలు తీసుకో. అల్మారా తలుపు తీసుకో. నా కట్టుడు పళ్ళు నిన్న పళ్ళెంలో ఊడిపడ్డాయి, అది తీసుకో, నీ పళ్ళ డాక్టరుకు బాగా వస్తుంది. నేను నిన్ను తిట్టిన తిట్లన్నీ తీసుకో. అవి నావి, నేను ఇస్తున్నాను. ఆవిడది నేను ఇవ్వలేదు. ఎవరు ఎవరితో అన్నారో తెలియనివ్వనన్నావు. తెలియకపోతే ఇంకా రోత. అప్పుడు ఆవిడ ఎవరో దారినపోయే ఆడది అవుతుంది, నేను ఎవరో దారినపోయేవాణ్ణి అవుతాను.

పన్నెండున అచ్చు అన్నావు. పదకొండు శుక్రవారం. ఆ సాయంత్రం టపా మనిషి మా వీధి దాటేలోపు నీ జవాబు నా చేతిలో ఉండాలి. తీశాను అని రాశావా, ఆ ఆదివారమే బయల్దేరి రా, గుమ్మంలోనే మొదలుపెట్టి నోరారా తిడతాను. తీయను అని రాశావా, ఇక నా నుంచి నీకు ఒక్క తిట్టు కూడా రాదు. చచ్చేదాకా రాదు.

ఆ రెండిట్లో ఒకటి రాయి. చుట్టూ కవిత్వం పెట్టకు.

బావ